సాంసన్ గీసిన పాదాలు

తిమ్మాజిపేట

నా రజితకు,

ఫోన్‌లో నాకు మాట పెగలదు. అందుకే రాస్తున్నాను. "మీ గురకతోని నాకు నిద్ర లేదు, శ్రీరంగాపూర్ పోత" అని నువ్వు పుట్టింటికి వెళ్ళి నెల దాటింది. రోజూ లెక్కలు రాసే పుస్తకంలో నెల నుంచి పాలు కూడా సగమే.

నువ్వు వెళ్ళాక దవాఖానకు పోయాను. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు అన్నారు. ఎక్కువగా లావుగా ఉన్నవాళ్ళకు వస్తుందట. "నీకేం కొవ్వుందయ్యా తగ్గించనీకి?" అని డాక్టరమ్మే పరేషాన్ అయింది.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. మూడేళ్ళుగా సాంసన్ కుట్టిన ప్రతి జత చెప్పులూ బిగుతేనని ఊరంతా చాటింది నీకూ తెలుసు. ఈ మధ్య మళ్ళీ తగువుకు పోతే, అతను ఏడాదికొకటి చొప్పున మూడు కాగితాలు తీశాడు. కుట్టే ముందు పాదం పెట్టించి పెన్సిల్‌తో గీసుకుంటాడు కదా, అవి. ఒకదాని పక్కన ఒకటి పరిచాడు.

"తప్పు నా సూదిదా, నీ కాలుదా, చూడు సుదర్శనన్నా. నలభై దాటినంక ఎవలికన్న కాలు పెరుగుతదా?"

మొదటిదానికీ చివరిదానికీ వేలు మందం తేడా! ఆ కాగితాలు డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆమె నా దవడ, నాలుక, బిగిసిన ఉంగరం చూసి పరీక్షలు రాసింది. మెదడు కింద శనగగింజంత గడ్డ ఉందట. దానివల్ల చేతులు, కాళ్ళు, నాలుక పెరుగుతున్నాయట. ఆ నాలుకే నిద్రలో గొంతుకు అడ్డం పడుతోంది. క్యాన్సర్ కాదు. వచ్చే సోమవారం హైదరాబాద్‌లో ముక్కులోంచి తీస్తారు. భయంగా ఉంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

సాంసన్‌కు తప్పైందని చెప్పి, కొత్త జత కుట్టమన్నాను. "ముందు నీ కాలు ఆగనీ" అన్నాడు.

నీ సుదర్శన్


శ్రీరంగాపూర్

మా ఇంటాయనకు,

నేను గురక చప్పుడుకు రాలేదు. అది మధ్యలో ఆగేది. మళ్ళీ మొదలయ్యేదాకా లెక్కపెడుతూ కూర్చునేదాన్ని. దవాఖానకు పొమ్మంటే "అందరు పెట్టే గురకనే" అన్నారు. నేను వెళ్ళిపోతేనన్నా పోతారని వచ్చాను. ఇక్కడ అంతా నిశ్శబ్దమే, ఒక్కరోజూ కంటి మీద కునుకు లేదు.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. భయపడకండి.

పెళ్ళి ఉంగరం ఇరుకైందని, "మీ నాయన బంగారం మిగుల్చుకున్నడు" అని మూడేళ్ళ నుంచి అంటున్నారు కదా. సాంసన్‌కు చెప్పిన ఆ "తప్పైంది" ఇంకొకరికి కూడా బాకీ ఉంది. నాయనను కూడా తోలుకొస్తున్నాను.

మీ రజిత