ముప్పై రోజుల గడువు, ఒక కేకు డబ్బా

అల్వాల్, జూన్ 10

వకీలు జోగారావు గారికి జీవరాజు చేతులెత్తి వందనాలు.

నేను మీ ఎదుటి వకీలు క్యారల్ తండ్రిని. ఏడో తరగతి చదివి ముప్పై ఏండ్లు స్కూలు బస్సు నడిపినోణ్ణి. ఫోన్ చేస్తే సంతోషానికి ఏడుపొస్తది, అందుకే రాస్తున్న. నిన్న సికింద్రాబాద్ కోర్టుల మా చర్చికొచ్చే బాలమ్మ గారికి, పక్కింటాయనకు నడుమ గోడ కేసుల బాలమ్మ గారి దిక్కు మా బిడ్డ మొదటిసారి ఒక్కతే నిలబడి మాట్లాడింది. నేను వెనక బెంచీల కూసున్న. బంట్రోతు మూడుసార్లు పిలిచిండు. జడ్జిగారు అభ్యంతరం ఉన్నదా అంటే మీరు లేదన్నరు. మా చర్చిల సుత పెండ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతరు, ఎవరూ అడ్డం చెప్పకుంటే పెండ్లి ఖాయం. అంటే కేసు మా బిడ్డ గెలిచినట్టే గద.

ఇట్లు,
ఆనందం ఆగని జీవరాజు

తా.క.: ఈ డబ్బల కేకు నా భార్య మేబెల్ చేసింది. ఓడిపోయినోళ్లకు ఏం పంపాల్నో తెల్వక ఇదే పంపుతున్న.

*

సైనిక్‌పురి, జూన్ 13

జీవరాజు గారికి నమస్కారం.

మీ అమ్మాయి అడిగింది గడువు మాత్రమే. సర్వే పటం ఇంకా చేతికి రాలేదని, కాగితాలు దాఖలు చేయడానికి ముప్పై రోజులు అడిగింది, ఇచ్చారు. విచారణే మొదలవలేదు. నేను ఓడిపోలేదు, గమనించగలరు. ఎదుటి పక్షం వకీలుకు కేకులు పంపకండి, అమ్మాయి పేరు చెడుతుంది.

భవదీయుడు,
జోగారావు

తా.క.: కేకు వాపసు పంపేలోపే గుమాస్తా జయకృష్ణ కోసేశాడు. ఖాళీ డబ్బా పంపకూడదని మా ఆవిడ విమలమ్మ సున్నుండలు పెట్టింది. నా అభ్యంతరం వినలేదు.

*

అల్వాల్, జూన్ 18

వకీలుసాబ్‌కు మళ్ల జీవరాజు వందనాలు.

జడ్జి అంతటాయన మా బిడ్డ మాట విని నెల రోజులు ఆగుతనన్నడంటే గెలుపు గాక ఏందది. నేను ఐదు నిమిషాలు ఆలస్యమైతే స్కూలు గేటు మూసేటోళ్లు. ఆ సంబురంల ఆదివారం చర్చిల లేచి, దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పిన. మీ పేరు, కేకు సంగతి సుత చెప్పిన. అందరు మీ కోసం ప్రార్థన చేసిండ్రు, ఒక్క బాలమ్మ గారు తప్ప. వకీళ్లిద్దరు ఒక్కటైండ్రా అని ఆమె క్యారల్‌ను నిలదీసింది. వచ్చే వాయిదాకు తానే వచ్చి చూస్తదట, ఫైలు అప్పటిదాకనే బిడ్డ చేతిల ఉంటదట. క్యారల్ నాతో మాట్లాడ్తలేదు. ఎంతమంది పిల్లలనో ఇండ్లకాడ భద్రంగ దించిన, నా బిడ్డనే గుంతల దించిన.

ఇట్లు,
తప్పు చేసిన జీవరాజు

తా.క.: మీ సున్నుండల డబ్బా ఖాళీగ ఎట్ల పంపాలె. మేబెల్ గులాబీ పూలు వండి పెట్టింది. క్యారల్‌కు చెప్పకుండ్రి.

*

సైనిక్‌పురి, జూలై 10

జీవరాజు గారికి నమస్కారం.

నిన్న నాకూ గడువు కావాల్సి వచ్చింది. ముప్పై రోజులు అడిగాను. గులాబీ పూలు తిన్నవాణ్ణి కదా, మీ అమ్మాయి ఊరుకుంటుందనుకున్నాను. లేచి నిలబడింది.

"అభ్యంతరం ఉంది సార్. మా గోడ వానకు నానుతోంది. వీరికి ఏడు రోజులు చాలు."

ఏడే ఇచ్చారు. ముప్పై ఆరేళ్ల వకాల్తాలో నన్నెవరూ ఇంత మర్యాదగా కూర్చోబెట్టలేదు. బయట బాలమ్మ గారు ఫైలు నీ దగ్గరే ఉండనీ తల్లీ అనడం నేనే విన్నాను. గెలిచిందని మొదటి ఉత్తరంలో రాశారు చూడండీ, అది ఇప్పుడు రాయండి.

భవదీయుడు,
జోగారావు

తా.క.: డబ్బాలోకి విమలమ్మ కజ్జికాయలు చేస్తానంటోంది, కానీ ఆవిడకు చెయ్యి నొప్పి. డబ్బా వాపసుకు ముప్పై రోజుల గడువు కోరుతున్నాను. మీకు అభ్యంతరం ఉండదనుకుంటాను.

*

అల్వాల్, జూలై 12

వకీలుసాబ్‌కు, విమలమ్మ గారికి వందనాలు.

మీ ఉత్తరం అన్నం కాడ గట్టిగ చదివిన. మేబెల్ ఏడ్చింది, నేను ఏడ్చిన. క్యారల్ తలొంచుకొని పప్పు కలుపుకుంట కూసున్నది.

ఇట్లు,
క్యారల్ వకీలు డాడీ

తా.క.: చదువుకుంట నేను డబ్బా గడువు కాడికి వచ్చేసరికి క్యారల్ తలెత్తింది. "అభ్యంతరం ఉంది డాడీ. ఏడు రోజులు చాలు" అన్నది. నెల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట.