పద్దెనిమిది మీటర్లకు యాభై ఆరు నిమిషాలు

మార్చి 4

చేప వచ్చి వెళ్ళింది. మా ఆడపడుచు. ఓడరేవులో డైవర్. నీళ్ళ అడుగున స్తంభాలకు పగుళ్ళు వచ్చాయేమో చూసి ఫోటోలు తీయడం తన ఉద్యోగం, అందుకే ఇంటిల్లిపాదీ చేప అంటాం. నన్ను తను పట్టకారు వదిన అంటుంది. ఇరవై రెండేళ్ళుగా కిటికీ పక్కన కూర్చుని వాచీలు బాగుచేసే మనిషిని ఇంకేమంటారు!

ఈసారి తెచ్చింది డైవ్ కంప్యూటర్. చేతికే కట్టుకుంటారు గానీ వాచీకి రెండింతలు లావు. ఎంత లోతులో ఉన్నామో, ఆ లోతులో ఇంకా ఎన్ని నిమిషాలు ఉండొచ్చో చెబుతుందట. తనది మాత్రం టేబుల్ మీద పెట్టినా 1.4 మీటర్ల లోతు చూపిస్తోంది. అంటే నేనూ నా టేబులూ మునిగిపోయామన్నమాట.

సర్వీస్ సెంటర్ వాళ్ళు ఆరు వారాలు పడుతుందన్నారు. మూడు రోజుల్లో పెద్ద పని మొదలు. చేతికి ఇది లేకపోతే సూపర్‌వైజర్ నీళ్ళలోకి దిగనివ్వడు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి వదినా, లేకపోతే నేను ఒడ్డున కూర్చుని తాళ్ళు చుట్టుకోవాలి అంది. దీని సంగతి నాకేం తెలుసే తల్లీ అన్నాను. వాచీలాంటిదేగా అంది.

ఒళ్ళు మండింది. అయినా తీసుకున్నాను. చేతిలోకి వచ్చాక తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు.

మార్చి 5

వెనక నాలుగు సన్నటి రంధ్రాలు. వాటి లోపల సెన్సర్. లెన్స్ పెట్టి చూస్తే రంధ్రాల నిండా ఉప్పు, గడ్డకట్టి ఉంది. సూది పెట్టి తీద్దామని చెయ్యి దురద పెట్టింది గానీ ఆగాను. లోపలి పొరకు గీత పడితే ఇక అంతే.

గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాను. తడి తగలగానే మేలుకుంది. ఎవరూ బటన్ నొక్కలేదు! ఖాళీ అద్దం మీద అంకెలు వాటంతటవే వచ్చేసరికి గిన్నె వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాను. తర్వాత నన్ను చూసి నాకే నవ్వొచ్చింది.

నాలుగుసార్లు నీళ్ళు మార్చాను. సాయంత్రానికి 0.0. బ్యాటరీ సగం ఉంది. ఆ నంబరు బ్యాటరీ నా డబ్బాలో లేదు, తెప్పించాలి.

మార్చి 6

సున్నా చూపిస్తే సరిపోదు కదా. లోతులో నిజం చెబుతుందో లేదో తెలిసేదెలా? వాచీ అయితే ఇంకో గడియారం పక్కన పెట్టి చూస్తాను. సముద్రాన్ని ఎక్కడినుంచి తేను?

చేపకు ఫోన్ చేశాను. కొంతమంది గట్టి డబ్బాలో నీళ్ళు పోసి, ఇది అందులో పెట్టి, పంపుతో గాలి కొడతారని చెప్పింది. మా ఆయన లేచి వంటింట్లో వాటర్ ఫిల్టర్‌కున్న పారదర్శకమైన బౌల్ ఊడదీశాడు. సైకిల్ ట్యూబు వాల్వు ఒకవైపు, ప్రెషర్ గేజి ఒకవైపు బిగించాడు. ఇక ఇవాళ తాగే నీళ్ళకు పక్కింటికి పోవాలి అన్నాడు. పోదాంలే అన్నాను.

ఆయన పంపు కొడుతున్నాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని బౌల్‌లోకి చూస్తున్నాను. మూడు మీటర్లు. ఏడు. గేజి ముల్లు 1 దగ్గరికి రాగానే 10.1 మీటర్లు. ఎంత ఒత్తిడికి ఎంత చూపించాలో అంతే! గేజి 1.8 దగ్గర పద్దెనిమిది మీటర్లు. ఈ లోతులో ఇంకా యాభై ఆరు నిమిషాలు ఉండొచ్చు అంది. ఆ అంకె ఒక్కొక్కటే తగ్గడం మొదలెట్టింది. పొయ్యి పక్కన, చీపురు పక్కన, చెంబెడు నీళ్ళలో సముద్రం అడుగున ఉంది అది.

ఇరవై నిమిషాలు చూసి మెల్లగా గాలి వదిలాం. ఐదు మీటర్ల దగ్గర మమ్మల్ని ఆపింది. మూడు నిమిషాలు ఇక్కడే ఆగమని వెనక్కి లెక్కపెడుతోంది. లోపల ఎవరున్నారే, వదిలెయ్ అన్నాడు ఈయన. వదలొద్దు అని గట్టిగానే అరిచాను. బౌల్ కొద్దిగా లీకవుతోంది, అందుకని ఆయన కొంచెం కొంచెం గాలి అందిస్తూ, నేను గేజి చూస్తూ, ఇద్దరం మూడు నిమిషాలూ కదలకుండా ఉన్నాం.

బయటికి తీశాక ఒక మూల చిన్న విమానం బొమ్మ వచ్చింది. పక్కన 12 గంటలు. అదేంటని మళ్ళీ చేపకే ఫోన్. లోతులో పీల్చిన గాలి ఒంట్లో కరుగుతుందట, సోడాలో గ్యాస్ లాగా. తొందరగా పైకొస్తే సోడా మూత తీసినట్టు ఒంట్లో బుడగలు లేచి ప్రాణం మీదికి వస్తుంది, ఐదు మీటర్ల దగ్గర ఆపేది అందుకే. పైకొచ్చాక గంటల తరబడి మెల్లగా బయటికి పోతుంది. అది పోయేదాకా విమానం ఎక్కకూడదు. మళ్ళీ దిగాలన్నా ఆ మిగిలినదాన్ని లెక్కలో వేసుకునే దిగాలి. ఎంత పోయిందో, ఎంత మిగిలిందో ఇది చూసుకుంటూనే ఉంటుంది వదినా, నేను నిద్రపోయినా సరే అంది.

మధ్యాహ్నమంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను. లేని మనిషి ఒంట్లో గాలిని కొలుస్తోంది. రెండు చేతులూ జోడించాలనిపించింది. సిగ్గేసి మానేశాను.

మార్చి 7

తీసుకెళ్ళింది. నీళ్ళలో లోతు కొలిచే తాడు మీద గుర్తులకూ దీనికీ అస్సలు తేడా లేదట.

మార్చి 9, మధ్యాహ్నం 1:30

పన్నెండున్నరకు చేప పరిగెత్తుకుంటూ వచ్చింది. జుట్టు తడి కూడా ఆరలేదు. పొద్దున రెండుసార్లు దిగిందట, రెండోసారి పైకొచ్చేటప్పుడు బ్యాటరీ గుర్తు మెరవడం మొదలెట్టింది. మూడింటికి మళ్ళీ దిగాలి. త్వరగా కానియ్ వదినా అని నెత్తిన కూర్చుంది.

తెప్పించిన బ్యాటరీ నిన్ననే వచ్చింది. పదకొండు నిమిషాల్లో మార్చేశాను. కొత్త రబ్బరు రింగు మీద పిల్లి వెంట్రుక ఒకటి కనబడితే తీసి, దానికి సిలికాన్ గ్రీజు రాసి మూత బిగించాను. తారీఖు అడిగింది, టైమ్ అడిగింది. పెట్టాను. కొత్తదానిలా ఉంది. చేప టీ గటగటా తాగేసి నా బుగ్గ గిల్లి పోయింది.

నా చేతి పనికి నాకే ముచ్చటేసింది.

2:05

విమానం బొమ్మ ఏది?

పొద్దున రెండుసార్లు దిగి వచ్చింది. బొమ్మ ఉండాలి. వంటింట్లో దిగినందుకే పన్నెండు గంటలుంది. నేనిచ్చేటప్పుడు ఆ మూల ఖాళీ.

మాన్యువల్‌లో స్క్రూల పటం ఒక్కటే చూశాను. బ్యాటరీ మార్చడం నాకొకరు నేర్పాలా అని పేజీ తిప్పేశాను. తిప్పిన పేజీలో ఉంది. బ్యాటరీ తీస్తే లోపలి లెక్క మొత్తం చెరిగిపోతుంది. ఈమధ్యే దిగినవాళ్ళు ఇరవై నాలుగు గంటలు మళ్ళీ దిగకూడదు.

తను ఎప్పుడూ నీళ్ళు ముట్టని మనిషి అనుకుంటోంది అది. ఫోన్ ఎత్తడం లేదు. స్కూటర్ తాళం

సాయంత్రం 6

ఇప్పుడే ఇంటికొచ్చాం.

గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. దిగబోయే డైవర్‌కు వదినను, తనను ఆపండి అన్నాను. అమ్మా, వాళ్ళు సిలిండర్లు కట్టేసుకున్నారు, ఇప్పుడు కాదు అన్నాడు. ఏమరిచానో నాకు గుర్తులేదు. గొలుసు కింద నుంచి దూరి పరిగెత్తాను. చెప్పు ఒకటి అక్కడే పోయింది.

గట్టుకు కట్టేసిన పడవ అంచున చేప కూర్చుని ఉంది. కాళ్ళకు రెక్కలు, మాస్క్ నుదుటి మీద. నాకు ఊపిరాడటం లేదు. పద్దెనిమిది మీటర్లకు ఎన్ని నిమిషాలు చూపిస్తోంది, అదొక్కటే అడిగాను. బటన్ నొక్కి, యాభై ఆరు అంది. పొద్దున రెండోసారి దిగే ముందు ఎంత చూపించిందే అన్నాను. ముప్ఫై ఒకటి అంది. అంటూనే మొహం తెల్లబోయింది. మూడోసారికి ఇంకా తగ్గాలి, పెరగకూడదు. నాకంటే తనకే బాగా తెలుసు.

ఎప్పుడూ బ్యాటరీ సర్వీస్ సెంటర్ వాళ్ళే మార్చేవాళ్ళట. తిరిగి చేతికొచ్చేసరికి వారాలు గడిచేవి. అందుకే ఆ సంగతి తట్టనేలేదు.

సూపర్‌వైజర్ సగం రోజు పోయిందని గొణిగాడు. తప్పు నాదండీ, చదవకుండా చేశాను అన్నాను. కాదండీ, నేనే తొందరపెట్టాను, అడగాల్సింది నేను అంది చేప. అతను ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇవాళా వద్దు, రేపూ వద్దు అని చేప చేత సిలిండర్ విప్పించాడు.

ఒడ్డెక్కాక చేప నా ఉత్తి కాలు చూసి, చెప్పును కూడా రీసెట్ చేశావా వదినా అంది. ఇద్దరం నవ్వాం. నేను నవ్వుతూనే ఏడ్చేశాను.

మార్చి 10

చేప మా ఇంట్లోనే ఉంది. కంప్యూటర్ నా టేబుల్ మీద ఉంది.

వాచీలో బ్యాటరీ తీస్తే ఏం పోతుంది? టైమ్. సరిపెడితే వచ్చేస్తుంది. వాచీలాంటిదేగా అందని మొన్న తన మీద మండిపడ్డాను, నిన్న నేను చేసిందేమిటి? అందులో మా చేప ఒళ్ళుంది. దాన్ని పట్టకారుతో తీసి అవతల పడేశాను. తలుచుకుంటే భయమేస్తోంది. ఇంత బిళ్ళలో అంత ఎలా పట్టిందా అని అంతకంటే ఎక్కువ ఆశ్చర్యమేస్తోంది.

నిన్న రాత్రి తను అన్నం తిని పడుకుంది. ఒంట్లో మిగిలిన గాలి మెల్లగా పోతూ ఉంటుంది. కొలిచేవాళ్ళెవరూ లేరు. నా పాత కీ వాచీ తీసి తన తల దగ్గర పెట్టి, ఇరవై నాలుగు గంటలూ నేనే లెక్కపెట్టాను.

మార్చి 11

పొద్దున చేప మళ్ళీ పనికి వెళ్ళింది. పదకొండుంబావుకు తను పైకొస్తూ ఐదు మీటర్ల దగ్గర ఆగి ఉంటుంది. వంటింట్లో గరిటె పక్కన పెట్టి మూడు నిమిషాలు కదలకుండా నిలబడ్డాను.

పన్నెండింటికి ఫోటో పంపింది. నీళ్ళలో నాని ముడతలు పడ్డ చెయ్యి. చేతికి కంప్యూటర్, ఆ మూలన, విమానం.