మంచు గట్టిగానే ఉందన్న మాట

డాక్టరు నా గుండె ఇక ఎంతో కాలం ఆడదన్నాడు. బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదని నేనే చెబుతున్నాను. అమెరికాలోని మిన్నెసోటాలో సరస్సు ఒడ్డున కాపురమున్న కీ.శే. ఆర్వో లహ్తి భార్యనైన సైమా లహ్తి అనే నేను, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవన్నీ రద్దు. దీన్ని అమలు జరిపే బాధ్యత వకీలు ఎడ్విన్ స్ట్రోమ్‌ది.

1. ఒడ్డున ఉన్న ఆవిరిస్నానాల గది, దాని చుట్టూ ఉన్న స్థలం, కాఫీ హోటల్లో పనిచేసే ఇంపి కార్యల అనే ఆమెకు చెందాలి. నా భర్త ఎవరేం చెప్పినా నమ్మేవాడు. ఊళ్లో దుప్పిపాలు అమ్ముతున్నారని ఆయన అన్నయ్య ఉర్హో చెబితే, క్యాను పట్టుకుని వీధులన్నీ తిరిగి వచ్చాడు. సరస్సు మీద గడ్డకట్టిన మంచు కరగడం మొదలైన ఒక మార్చి ఉదయం ఆ హోటల్లోనే ఉర్హో అన్నాడు: "అవతలి గట్టున నీకోసం బుట్టెడు చేపలు పెట్టానురా. మంచు గట్టిగానే ఉంది, ఇప్పుడే ట్రక్కు మీద దాటి వచ్చాను." అందరూ నవ్వు బిగబట్టుకున్నారు. ఇంపి ఒక్కతే వీధిలోకి పరుగెత్తి, "వెళ్లకు ఆర్వో, నిన్ను ఆటపట్టిస్తున్నారు!" అని అరిచింది. "మా అన్నే చెప్పాడు గదమ్మా" అంటూ ఆయన ట్రక్కెక్కాడు. ఒడ్డునే చక్రాలు దిగబడి, తడిసి ఇంటికి పోతాడనుకున్నానని ఉర్హో తర్వాత ఏడ్చాడు. ఒడ్డున మంచు ట్రక్కు బరువుకు ఆగింది. నడిమధ్యన ఆగలేదు.

2. చర్చికి ఏమీ లేదు. "అమాయకులను దేవుడు త్వరగా పిలుచుకుంటాడు" అని నన్ను ఓదార్చిన పాస్టరును నా అంత్యక్రియలకు పిలవవద్దు.

3. ఆర్వో ఉన్ని చేతితొడుగులు నా శవపేటికలో పెట్టాలి. ఆ ఉదయం ఇంట్లో మరచిపోయాడు.

4. ఇల్లు, పొలం, పశువులు జిల్లా అనాథాశ్రమానికి చెందాలి. ఉర్హో లహ్తికి గడ్డిపోచ కూడా చెందదు. "నా తదనంతరం అంతా మీదే బావగారూ" అని ఏళ్ల తరబడి చెప్పాను. నమ్మాడు. నా ఇంటికప్పు వేశాడు, కట్టెలు కొట్టాడు, తన పొలం అమ్మి మరీ నా పశువుల కొట్టం కట్టించాడు. ఆర్వోకు వెర్రి అని ఊరంతా అనేది. సొంతవాళ్ల మాట నమ్మడం వెర్రయితే, ఇప్పుడు ఉర్హోను కూడా ఆ పేరుతోనే పిలవండి. ప్రతి క్రిస్మస్‌కూ టోపీ తీసి గుమ్మంలో నిలబడేవాడు. "నన్ను క్షమించావా సైమా?" అనేవాడు. "ఎప్పుడో క్షమించాను. లోపలికి రండి, కాఫీ చల్లారిపోతోంది" అనేదాన్ని.

అదీ నమ్మాడు.

1958 నవంబరు 9.
(సంతకం) సైమా లహ్తి

సాక్షులు:
హిల్మా నీమి, పొరుగింటామె
కార్ల్ ఓస్ట్‌బీ, పాల కేంద్రం గుమాస్తా