ఎర్ర సంచి ఆపిన గూడ్సు

బిలాస్‌పూర్, రైల్వే క్వార్టర్సు
11-8-2004

పిన్నికి చిన్నమ్మి దండాలు.

మీ అల్లుడి ఉద్యోగం పోయిందని అక్కడెవరో పుట్టించారట. అదేటీ లేదు, గాభరా పడకు. తప్పంతా నాదే. నువ్విచ్చిన పాత ఎర్ర చీరతో ఆయన అన్నం క్యారేజీకి సంచి కుట్టాను. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ పెళ్లాన్నయ్యుండీ ఎరుపంటే బండి ఆపమని గుర్తన్నది నాకు తోచలేదు. మొన్న డ్యూటీకి ఆలస్యమై, ఆయన ఆ సంచి ఊపుకుంటూ పట్టాల పక్కన పరిగెట్టారు. ఎదురొస్తున్న గూడ్సు డ్రైవరు ఎర్రజెండా అనుకుని బండి ఆపేశాడు. దిగొచ్చి తిట్టినన్ని తిట్లు తిట్టి, ఆఖర్న సంచి తిరగేసి చూసి, "అచ్ఛా, మా ఇంటికీ ఒకటి కుట్టించు. లాల్ రంగు మాత్రం వద్దు" అన్నాడట. ఇప్పుడు షెడ్డులో ఇంకో ఆరుగురు అడుగుతున్నారు.

వాళ్ల సంచులకి కాన్వాసు గుడ్డ తెచ్చాను, అది నాలుగు మడతలు పడితే నా చిన్న మిషను సూది విరిచీస్తంది. కొట్టువాడు మోటారుది తీసుకోమంటన్నాడు. నాకు మాత్రం నువ్వు కుట్టు నేర్పిన ఆ నల్ల తొక్కుడు మిషను మీదే మనసు. నువ్వు వాడట్లేదంటే చెప్పు, పార్సిల్లో వేసుకొచ్చీస్తాం. వాడతన్నావా, అడగలేదనుకో. ఇక్కడి జిప్పులు వారానికే ఊడిపోతన్నాయి, విజయనగరంలో గట్టివి రెండు డజన్లు కొని ఉంచు. చిన్నాన్నకి దగ్గు తగ్గిందా? వానలో తిరగొద్దన్నానని చెప్పు.

మిగిలిన నీ చీర పారీలేదు. ప్రతి సంచికీ లోపల అస్తరుగా వేస్తన్నాను. బయటికి ఎరుపు కనపడదు, లోపల చెయ్యి పెడితే మాత్రం నువ్వే తగులుతావు.

నీ చిన్నమ్మి