మరక లేని యూనిఫారం

ఉక్కునగరం, విశాఖపట్నం.

అమ్మకు, పెద్ద కూతురు సూర్యకళ నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. క్షేమం అన్న మాట రాయడానికి ఈసారి కాస్త ఆలోచించాల్సి వచ్చింది గానీ, వేళకి తింటున్నాం, తిరుగుతున్నాం కాబట్టి ఆ మాటే ఉంచేశాను. నువ్వూ, చెల్లి సాయిదుర్గా, పసివాడూ, మరిదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే నీకు వినపడదు. చెల్లి చేత చెప్పిస్తే అది సగం మింగేసి, మిగతా సగానికి కారం పూసి చెబుతుంది. ఇది మాత్రం నువ్వొక్కదానివే చదువుకో.

పోయిన ఉత్తరంలో అడిగిన వాటికి జవాబులు. పెరట్లో కరివేపాకు మొక్క బతికింది. నా మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు ఖరగ్‌పూర్ నుంచి తిరిగొచ్చే రోజుకి మీ అల్లుడు కన్నబాబుది ఏ షిఫ్టు, దువ్వాడ స్టేషన్‌కి వస్తాడా అని అడిగావు. దానికి జవాబు చివర్లో రాస్తాను. ఇక సబ్బు సంగతి. నేను పంపిన సబ్బుతో పసివాడి గుడ్డల మరకలు పోవడం లేదని రాశావు. పోవమ్మా. ఎందుకు పోవో తెలిసేసరికి నా మతి పోయింది.

ఆ సబ్బు గురించి నేనెంత గొప్ప చెప్పుకున్నానో నీకు తెలుసు. మీ అల్లుడు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర డ్యూటీ చేసి వస్తే యూనిఫారం మసిగుడ్డలా ఉండేది. వేడినీళ్లలో నానబెట్టి, రాతి మీద బాది, నా చేతులు కాయలు కాశాయి. నాలుగు నెలల కిందట ఆ కొత్త సబ్బు కొన్నాను. అదే వారం నుంచి బట్టలు మల్లెపూవుల్లా రావడం మొదలెట్టాయి. ఇక ఊరుకుంటానా? మా వరుసలో క్వార్టర్లన్నిటికీ చెప్పాను. పక్క క్వార్టర్ పోతమ్మ చేత అరడజను కొనిపించాను. నీకు పార్సెల్ కట్టాను. అప్పుడప్పుడు ఆయన చొక్కా మోచేతుల దగ్గర తెల్లగా ఏదో కనిపించేది. సబ్బు సరిగా జాడించలేదు కాబోలని మళ్లీ జాడించేదాన్ని.

ఇప్పుడు శుభవార్త. మన ధనశ్రీకి పోర్టులో ఉద్యోగం వచ్చింది. ఆర్డరు చేతికొచ్చిన రోజే దేవుడికి కొబ్బరికాయ కొట్టి, నీ ఫోటో ఉన్న గోడవైపు తిరిగి నిన్ను కూడా తలుచుకున్నాను. నవ్వకు, బతికున్న వాళ్ల ఫోటోకి దండ వేయలేదులే. అందర్నీ భోజనానికి తీసుకెళ్తానంది పిల్ల. జగదాంబ సెంటర్ వైపు ఏ బిర్యానీకో అనుకున్నాను. కాదు, కూర్మన్నపాలెంలో ఇటాలియన్ హోటల్ ఉంది, అక్కడికేనని పట్టుబట్టింది. ఆ పేరు వినగానే మీ అల్లుడు తింటున్న కంచంలోంచి తలెత్తలేదు. "నాకు బి షిఫ్టు. సెలవు దొరకదు. మీరెల్లి రండి" అన్నాడు. మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

నాలుగు నెలలుగా వరసగా బి షిఫ్టే, మధ్యాహ్నం వెళ్తే రాత్రికి రావడమే, పడుతోందమ్మా ఆయనకి. షిఫ్టు వారం వారం మారుతుందని నాకు తెలీదా? మనుషులు తక్కువున్నారని చెబితే నమ్మాను. ఆ ఫోర్‌మన్ ఎవరో గానీ, అతన్ని రోజూ పొద్దున్నే తిట్టుకునేదాన్ని. పాపం, అతని పిల్లాజెల్లా చల్లగా ఉండాలి.

ఆ రోజు మధ్యాహ్నం కూడా నేనే హెల్మెట్ అందించాను, బూట్లు తుడిచి పెట్టాను, క్యారేజీ కట్టి స్కూటర్‌కి తగిలించాను. సాయంత్రం ఆయన కుర్చీ ఖాళీగా ఉండటం ఎందుకని పోతమ్మని కూడా రమ్మన్నాను. నా బుద్ధి గడ్డి తినడమంటే అదే.

హోటల్ చిన్నది. ట్యూషన్ సెంటర్ కింద రెండు షాపులు కలిపేసి కట్టారు. గళ్ల గుడ్డలు పరిచిన బల్లలు, చివర్న అద్దం గోడ, దాని వెనక ఇటుకల పొయ్యి. యజమాని దేవీప్రసాద్ ఓడల్లో వంటవాడిగా చాలా దేశాలు తిరిగొచ్చి ఇది పెట్టాడట. ధనశ్రీ పిజ్జా అని ఏదో చెప్పింది, వాళ్లేదో తెచ్చారు. పోతమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "రొట్టి మీద టమాటా పచ్చడేసినట్టుంది, దీనికింత పేరేటే?" అంది. నాకు మాత్రం బాగుంది. రెండో ముక్క తీసుకున్నాను.

అప్పుడు అద్దం వెనక ఎవరో పగలబడి నవ్వారు. తలెత్తి చూశాను. తెల్ల ఏప్రన్, తల మీద గుడ్డ, మోచేతుల దాకా పిండి, చేతిలో పొడుగాటి తెడ్డు. మనిషి అటు తిరిగి ఉన్నాడు. ఎడమకాలు ముందుకు పెట్టి, ముఖం కొంచెం పక్కకి తిప్పి పొయ్యిలోకి చూస్తున్నాడు. ఆ నిలబడే తీరు ఎక్కడో చూశాననిపించింది. కుర్రాళ్లతో ఏదో అంటూ, మళ్లీ నవ్వుతూ ఇటు తిరిగాడు.

మీ అల్లుడమ్మా.

నోట్లో ముక్క నోట్లోనే ఉండిపోయింది. ఒకవేళ ఈయన్ని పోలిన మనిషేమో అని కూడా అనుకున్నాను, అంత పిచ్చిదాన్నయిపోయాను. ఎదురుగా ఉన్న మనిషిని నమ్మాలో, మధ్యాహ్నం హెల్మెట్ పెట్టుకుని వెళ్లిన మనిషిని నమ్మాలో తెలియలేదు. ధనశ్రీ నా చెయ్యి పట్టుకుంది. దానికి నెల కిందటే తెలుసట. స్నేహితురాళ్లతో వెళ్లి చూసిందట.

"నాన్న సెప్పొద్దన్నాడమ్మా. నాను సెప్పలేదు. సూపించాను" అంది.

దాని తెలివి తెల్లారినట్టే ఉంది అనుకునే లోపు ఆ దేవీప్రసాద్ వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పిల్లని ఆనవాలు పట్టాడు కాబోలు. "అక్కా, మీరేనా కన్నబాబు బావ ఇంటోళ్లు? మీ సేపల పులుసు కోసం మా కుర్రోళ్లు కొట్టుకు సత్తారు. నాలుగు నెలల్నించీ తింతన్నాం" అన్నాడు. హోటలంతటికీ నా వంట తెలుసు. నాకే నా మొగుడు ఎక్కడ పనిచేస్తున్నాడో తెలీదు.

పోతమ్మ నావంక చూసింది, అద్దంవంక చూసింది. తాపీగా నీళ్లు తాగి, "అయితే సూర్యకళా, ఆ సబ్బులో ఏటీ లేదన్నమాట" అంది.

నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. లేచి సరాసరి అద్దం తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. ఆయన నన్ను చూశాడు.

"ఏటి బావా ఇది?" అన్నాను.

"సూరీ, పొయ్యిలో మూడున్నాయి. మాడిపోతాయి. రిలీవర్ లేడు" అన్నాడు.

చూశావా, దొరికిపోయిన మనిషి అనవలసిన మాటేనా? నీకు గుర్తుందా, ధనశ్రీ మొదటి పుట్టినరోజున తన బదులు డ్యూటీ ఎక్కాల్సిన మనిషి రాలేదని, రిలీవర్ రానిదే ఓవెన్ వదలకూడదని ప్లాంటులోనే ఉండిపోయాడు. కేక్ కోయడానికి తండ్రి లేడని నువ్వు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. అదంతా ఒక్కసారి కళ్లముందుకొచ్చింది. కోపం ఎక్కడికి పోయిందో తెలీదు.

"నానుంతాను. నువ్వెల్లి పిల్ల పక్కన కూకో" అన్నాను.

"నీకు రాదే."

"ఎల్లమన్నానా."

తెడ్డు నా చేతిలో పెట్టి, ఏప్రన్‌తోనే వెళ్లి కూతురి పక్కన కూర్చున్నాడు. నేను పొయ్యి ముందు నిలబడ్డాను. అమ్మా, ఆ వేడికి కనురెప్పలు అంటుకుపోతాయేమో అనిపించింది. ఇంతకు పదింతల వేడి ముందు పాతికేళ్లు నిలబడ్డ మనిషి ఇంటికొచ్చి మాట్లాడటం లేదేమని ఎన్నిసార్లు సాధించానో. మూడింట్లో రెండు మాడ్చేశాను. ఒకటి నేల మీద పడింది. దేవీప్రసాద్ పరుగెత్తుకొచ్చి నా చేతిలోంచి తెడ్డు తీసుకున్నాడు. మాడిన వాటినే తండ్రీ కూతుళ్లు ఒక కంచంలో తిన్నారు. పోతమ్మ కూడా ఒక మాడు ముక్క అడిగి తీసుకుంది. అది అన్నిటికన్నా ఆశ్చర్యం.

ఇక అసలు సంగతి. మర్నాడు పొద్దున్న మెట్ల మీద కూర్చుని మొత్తం చెప్పాడు. నాలుగు నెలల కిందట ప్లాంటులో స్వచ్ఛందంగా ఉద్యోగ విరమణ చేసే అవకాశం వస్తే కాగితం పెట్టేశాడు. డిపార్టుమెంటు వాళ్లని ఎవరికీ చెప్పొద్దని బతిమాలుకున్నాడు. నాకు చెప్పకపోవడానికి కారణం నేను కాదమ్మా. నువ్వు.

"అత్తకి ఏ మొకంతో సెప్పను సూరీ? మన తాత జీడితోట ప్లాంటుకి తీసుకుని, బదులుగా ఇచ్చిన ఉజ్జోగం ఇది. ఆ తోట ఉన్న సోటే కోక్ ఓవెన్లు కట్టారని అత్త ఎప్పుడూ అంటది. అది సూసే నిన్ను నాకిచ్చింది. నాను దిగొచ్చేసినానంటే, తోట రెండోసారి పోగొట్టినట్టే కదా" అన్నాడు. నీకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టు తీసి గట్టున పెట్టి ఇది రాస్తున్నాను. రాస్తున్నట్టు ఆయనకి తెలీదు.

నాకు తగిలిన దెబ్బ వేరు. అబద్ధం ఆడాడని కాదు. ఆ నవ్వు. ఇరవైమూడేళ్ల కాపురంలో ఆ నవ్వు నేను వినలేదు. మొదట అది ఎవరో పరాయివాడి నవ్వనుకున్నానమ్మా. ఆ మాటే అడిగేశాను, "నాకాడ ఎప్పుడూ అలా నవ్వలేదేటి?" అని. చెప్పు విప్పి, దుమ్ము దులిపి, మళ్లీ తొడుక్కున్నాడు. "అక్కడ నోరిప్పితే వేడిగాలి లోపలికెల్లిపోద్ది. మూసుకోడమే అలవాటైపోయింది. ఇంటికొచ్చాక తెరవడం మర్సిపోయాను" అన్నాడు. నేను ఏడ్చాను.

క్వార్టర్ ఖాళీ చేయాలి. కూర్మన్నపాలెంలో ఇల్లు చూశాం, కరివేపాకు మొక్కని కుండీలోకి మార్చాను. నువ్వు వచ్చేసరికి అక్కడే ఉంటాం. నువ్వు అడిగిన షిఫ్టు సంగతికి జవాబు ఇది: ఆయనకిక షిఫ్టు లేదు. ఏ రోజు దిగినా దువ్వాడకి వస్తాడు. నువ్వు కోప్పడతావు, నాకు తెలుసు. కోప్పడే ముందు ఒక్కటి ఆలోచించు. జీడితోట నేను ఉయ్యాల్లో ఉండగానే పోయింది. దాన్ని ఆయన పోగొట్టలేదు. పోయిన తోటకి పాతికేళ్లు కాపలా కాశాడు, అంతే. ఇప్పుడు నువ్వే రిలీవ్ చెయ్యాలి. వేరే ఎవరు చేసినా ఆయన దిగడు.

నిన్న ఆయన ఏప్రన్ మొదటిసారి ఇంటికి తెచ్చాడు. ఇన్నాళ్లూ హోటల్లోనే దాచేవాడట. ఆ సబ్బుతోనే ఉతికాను. పొట్ట దగ్గర టమాటా మరక ఎంత రుద్దినా వదల్లేదు. ఇంకోసారి రుద్దబోయి ఆగిపోయాను. అలాగే తీసుకెళ్లి వీధివైపు తీగ మీద, అందరికీ కనిపించేలా ఆరేశాను.

ఇట్లు,
మాట దాచుకోలేని నీ పెద్ద కూతురు,
సూర్యకళ