నీ ఎడమ పక్క చోటు

అమ్మా,

ఈరోజు టెక్కలిలో నా కళ్లు పరీక్ష చేశారు. ఎడమ పక్కన వెలిగిన చుక్కలు నాకు కనిపించనే లేదు. కంటిలో ఒత్తిడి మామూలుగానే ఉందట. నాలా మైగ్రేన్ తలనొప్పి ఉన్నవాళ్లలో కొందరికి ఇలా గ్లకోమా జబ్బులోలాగే పక్క చూపు తగ్గొచ్చని డాక్టరమ్మ చెప్పింది.

భావనపాడులో నువ్వు తలనొప్పని తలకి గుడ్డ బిగించి కట్టుకుని, ఆరబెట్టిన చేపలకి కాపలా కూర్చునేదానివి. కాకి ఎప్పుడూ నీ ఎడమ పక్కనుంచే ఎత్తుకుపోయేది.

"కళ్లు మూసుకుని కూకున్నావేటమ్మా?" అని కసిరేదాన్ని.

"నాకగుపడనేదే," అని నవ్వేదానివి.

ఇందాక ఆసుపత్రి మెట్లు దిగుతుంటే, నీ మనవరాలు అడక్కుండానే నా ఎడమ పక్కకి వచ్చి చెయ్యి పట్టుకుంది.

ఆ ఇసకలో నీ పక్కన నేను కూర్చోడానికి బోలెడంత చోటుండేది.