చింతపండుతో తోమిన తాత గుండీ

15-11-1946, మదనపల్లె.

పొద్దున మా ఆవిడ సుబ్బమ్మ దీపపు కుందులతో పాటు మా తాత పటాలం గుండీని కూడా చింతపండు వేసి తోమేసింది. దాని పాతదనమంతా పోగొట్టావని అరిచాను. ఆమె గుండీని తిప్పి నా చేతిలో పెట్టి, "ముందు ఈడ సూడండి, ఏందో రాసుండాది" అంది.

ఇన్నాళ్లూ మకిలి కింద ఉండిపోయిన ఇంగ్లీషు అక్షరాలు. గుండీ చేసినవాడి పేరు, అంతే. మొన్నటి యుద్ధంలో నేను తొడిగిన కోటు గుండీల వెనకా అతని పేరే, కానీ పక్కన 'అండ్ సన్స్' అని ఉంటుంది. అంటే తాతది, ఆ కొడుకులు కంపెనీలోకి రాకముందు చేసిన గుండీ.

విడమరిచి చెబితే సుబ్బమ్మ పడీపడీ నవ్వింది. "అయితే మీ తాత కోటు తొడిగేనాటికి ఆయప్ప కొడుకులింకా గోచీల్లో ఉండారు."

అది తాతది కాదు, యుద్ధం అయ్యాక నేను పుంగనూరు సంతలో కొన్న గుండీ అని కుప్పమంతా చెప్పుకు తిరిగేది ఈమె తమ్ముడే. ఆదివారం వస్తున్నాడు బావమరిది. గుండీని నా చొక్కాకు, సరిగ్గా గుండె మీద కుట్టమన్నాను.

"కుడతా. పేరు లోపలికి పోతాది గదా, మావాడికి ఎట్ల సూపిస్తారు?" అంది.

నిజమే. వాడు గడప దాటగానే నేను చొక్కా విప్పాల్సి వస్తుందేమో.